కాల్ ఒకరిది, కాలు ఒకరిది

‘వాళ్ళు చెప్పారు, నేను చేశాను’ అన్న మాట ఎంతవరకు చెల్లుతుంది? సైన్యాల్లో, కోర్టుల్లో, ఆఫీసుల్లో (రిలీజ్ బెడిసికొట్టిన మర్నాడు మా మీటింగుల్లో ముందు వినపడేది ఇదే) ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ మసకమసకగానే ఉంటుంది. ఆటలో నయం. అక్కడ గీతలు గీసి ఉంటాయి.

ఆత్మకూరు నుంచి డాలస్ వెళ్ళిన స్నేహితులు అమెరికన్ ఫుట్‌బాల్‌ని ‘హెల్మెట్లు పెట్టుకున్న చెడుగుడు’ అంటారు. మరీ తప్పు కాదు. కానీ ఆ ఆట ప్రతి నిమిషం ఆగుతుంది. ఆగినప్పుడల్లా పదకొండుమందీ ఒక వ్యూహంలో నిలబడతారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎటు పరిగెత్తాలి, ఎవరు ఎవర్ని అడ్డుకోవాలి, అంతా ఒక పొడవాటి కోడ్ పేరులో ఇమిడి ఉంటుంది. దాన్ని ఎంచేది కోచ్. 1956లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కోచ్ పాల్ బ్రౌన్ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్లో రేడియో పెట్టి చూస్తే లీగ్ వద్దంది. 1994లో ఒప్పుకుంది, ఒక షరతుతో: ఆట మొదలెట్టాల్సిన గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి లైను కట్. ఆ తర్వాత చెవిలో ఎవరూ ఉండరు. ఎదురుగా డిఫెన్స్ కదులుతుంటుంది, చూసేది తనే. చెప్పింది నచ్చకపోతే అక్కడికక్కడ అరిచి మార్చొచ్చు. దాన్ని ‘ఆడిబుల్’ అంటారు.

నాకు ఆ పదిహేను సెకన్లే ఈ ఆట మొత్తంలో ఆసక్తికరమైన విషయం. బాధ్యత ఎక్కడ చేతులు మారుతుందో గడియారం పెట్టి మరీ చెప్పిన నియమం ఇంకెక్కడా చూడలేదు.

2015 ఫిబ్రవరి 1, 49వ సూపర్ బౌల్. సియాటిల్ గెలవడానికి ఒక్క గజం దూరం. బంతి ఇచ్చి గుద్దుకుపొమ్మనడానికి మార్షాన్ లించ్ లాంటి ఎద్దు ఉన్నాడు. పాస్ వెయ్యమని కాల్ వచ్చింది. రస్సెల్ విల్సన్ వేశాడు. మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రాడు ఆ ఫార్మేషన్‌ని ప్రాక్టీసులో చూసి ఉన్నాడు, గుర్తుపట్టి మధ్యలో దూరి అందుకున్నాడు. 28-24తో పేట్రియాట్స్ గెలిచారు. కోచ్ పీట్ క్యారొల్ తప్పు తనదేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. పెద్దమనిషి తరహానే. కానీ విల్సన్‌కి కాదనే హక్కు ఉన్నప్పుడు, మొత్తం నెత్తినేసుకోవడం ఆ కుర్రాణ్ణి చిన్నపిల్లాణ్ణి చేయడం కూడా కాదా?

తప్పు, కాదనే హక్కు ఎంతవరకు వెళ్తుందో అంతవరకే వెళ్ళాలని నా లెక్క. ఈ లెక్కని చెడుగుడు తిప్పికొడుతుంది.

ఉదయగిరి వైపు పండగ పోటీల్లో చూడండి. కూతకొచ్చినవాడి నోరు ఖాళీగా ఉండదు, వాడితో ఎవరూ మాట్లాడి ఒప్పించలేరు. ఇటు ఏడుగురు. మూలనున్న కార్నర్ పక్కవాడి చెయ్యి పట్టుకుని ఉంటాడు. గట్టున నిలబడి ‘పట్టరా! ఆగరా!’ అని సగం ఊరు కాల్స్ ఇస్తూనే ఉంటుంది గానీ, అసలు కాల్ వేళ్ళ మధ్య నొక్కుడు. నొక్కగానే కార్నర్ చీలమండ మీద పడతాడు, పక్కవాడు నడుం అందుకోవాలి. ఇక్కడ కూడా కాదనొచ్చు. చెయ్యి వదిలేస్తే సరి. అప్పుడు పడినవాడు ఒంటరిగా పడతాడు, మోకాలు చెక్కుకుపోయేది వాడిది. ‘ఎట్టా వదిలినావురా?’ అని వాడు లేచి అడిగితే, ‘నాకు తప్పనిపించింది’ అన్నది జవాబే. నిజాయితీ ఉన్న జవాబు కూడా. ఐనా వాడి ముఖంలోకి చూసి చెప్పలేం.

అంటే కాదనే హక్కు ఉన్నంత మాత్రాన అది ఉచితం కాదు. దాని ఖరీదు చాలాసార్లు పక్కవాడు కడతాడు. పైన అద్దాల గదిలో కూర్చుని కాల్ ఇచ్చే కోఆర్డినేటర్ మీద నా అభ్యంతరం ఇదే: అతని ఎంపిక తెలివైనదే కావచ్చు, విరిగే కాలు మాత్రం అతనిది కాదు. చెయ్యి నొక్కినవాడు మనతోపాటే దుమ్ములో ఉంటాడు. వాడి మాట వినడంలో విధేయత తక్కువ, నమ్మకం ఎక్కువ. (మేనేజర్లు ఈ తేడాని ‘టీమ్ స్పిరిట్’ అనే ఒక్క మాటతో చెరిపేస్తారు.)

క్వార్టర్‌బ్యాక్ ముందు వరసలో నిలబడే ఐదుగురి హెల్మెట్లలో రేడియో ఉండదు. పరాయి ఊరి స్టేడియంలో జనం గోలకి అతని అరుపు కూడా వాళ్ళకి వినపడదు. అప్పుడు గార్డ్ వెనక్కి తిరిగి చూస్తాడు, అతని సైగ అందుకుని పక్కనున్న సెంటర్‌ని చేత్తో తడతాడు. బంతి కదులుతుంది.