బరువు మోసేవాడికి దారి



ఈ వారం ఒక చిన్న ప్రశ్న తీసుకుందాం. వినడానికి చిన్నదే, లోపలికి వెళ్లేకొద్దీ పెద్దదవుతుంది. మనం ఆన్‌లైన్‌లో వాషింగ్ మెషీనో, ఫ్రిజ్జో, మంచమో ఆర్డర్ పెడతాం. డబ్బులు కట్టేస్తాం. ఫ్రీ డెలివరీ అని కూడా రాసి ఉంటుంది. ఆ పెట్టె అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చాక, అక్కడి నుంచి మన గుమ్మం దాకా ఎక్కాల్సిన బరువులో మనకి ఏమైనా బాధ్యత ఉందా? లేక డబ్బు కట్టడంతోనే మన ధర్మం తీరిపోయిందా?

"డబ్బు తీసుకుంటున్నారు కదండీ, వాళ్ల పని వాళ్లు చేస్తారు" అని చాలామంది అంటారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ముందు బరువు ఎంతో చూద్దాం.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ సుమారు 60 నుంచి 70 కేజీలు ఉంటుంది. డ్రమ్ము వేగంగా తిరిగేటప్పుడు మెషీన్ ఎగిరిపడకుండా చాలా మోడల్స్‌లో లోపల కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు. అంటే ఆ పెట్టెలో కొంత భాగం కేవలం బరువు కోసం పెట్టిన బరువే. మరోవైపు, ఒక మగ మనిషి చేత మోయించే బరువు 55 కేజీలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నంత బరువు ఎవరిచేతా మోయించకూడదని మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అది ఫ్యాక్టరీల కోసం రాసింది. మన అపార్ట్‌మెంట్ మెట్ల కోసం అలాంటి మాట రాసుకోవాల్సింది మనమే.

నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను కాబట్టి ఇంకో కోణం కూడా కనిపిస్తుంది. ఆర్డర్ ఎక్కడుందో చూపించే స్క్రీన్ మీద చివరికి రెండే మెట్లు ఉంటాయి. ఒకటి ‘ఔట్ ఫర్ డెలివరీ’, రెండోది ‘డెలివర్డ్’. ఈ రెండింటి మధ్య ఉన్న అసలు మెట్లు స్క్రీన్ మీద కనబడవు. కొరియర్ వాళ్ల లెక్కలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి ‘వాల్యూమెట్రిక్ వెయిట్’ అని తీసే పద్ధతి ఉంది. లారీలో ఎంత చోటు పడుతుందో దాంతో తెలిసిపోతుంది. మెట్ల మలుపులో ఎంత వంగాలి, ఎన్నిసార్లు దించి ఎత్తాలి అనేది ఆ లెక్కలో లేదు. లెక్కలోకి రాని ఆ కష్టం ఎవరో ఒకరి నడుము మీద పడుతుంది.

సరే, లిఫ్ట్ ఉంది కదా అంటారా? మన దేశంలో ఎనిమిది మంది ఎక్కే లిఫ్ట్‌లో 544 కేజీలు అని రాసి ఉంటుంది. భాగించి చూడండి, మనిషికి 68 కేజీలు. అంటే ఒక వాషింగ్ మెషీన్ బరువు లిఫ్ట్‌కి ఇంకో మనిషి ఎక్కినట్టే. అందులో ఎక్కేది ఫ్లాట్ ఓనరా, పెట్టె తెచ్చిన మనిషా అనే తేడా ఆ రేకు మీద లేదు. అందరికీ అదే 68. తేడా పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది. ‘డెలివరీ వారు లిఫ్ట్ వాడరాదు’ అని. 2023లో హైదరాబాద్‌లోని ఒక హౌసింగ్ సొసైటీలో పనివాళ్లు, డెలివరీ వాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కితే జరిమానా అని పెట్టిన నోటీసు వార్తల్లోకి కూడా వచ్చింది.

అసోసియేషన్ వాళ్ల మాట కూడా వినాలి. పెట్టెలు గీసుకుని లోపలి స్టీలు పాడవుతుంది. తలుపు మూసుకోకుండా అడ్డం పెడితే సెన్సార్లు చెడిపోతాయి. రిపేరు ఖర్చు అందరి మెయింటెనెన్స్‌లోంచే పోతుంది. పైన ఉన్న పెద్దవాళ్లు లిఫ్ట్ కోసం నిలబడి ఉంటారు. ఇవన్నీ నిజమే. కానీ గీతలు పడతాయన్న భయానికి మందు లోపల వేలాడదీసే మందపాటి గుడ్డ. గేటు దగ్గర ఒక ట్రాలీ. పెద్ద సామాన్లకి రద్దీ లేని ఒక సమయం. వస్తువుని కాపాడటానికి ఇన్ని దారులుండగా మనిషినే మెట్లెక్కించడం దేన్ని కాపాడటానికో మనల్ని మనం అడగాలి.

ఇక్కడ ఒక పాత మాట గుర్తుచేసుకోవాలి. మన ప్రాంతంలో చాలామంది ప్రవర చెప్పేటప్పుడు ‘ఆపస్తంబ సూత్రం’ అంటారు కదా. ఆ ఆపస్తంబుడి ధర్మసూత్రంలో దారిలో ఎవరు ఎవరికి తప్పుకోవాలో చెప్పిన చోటు ఒకటుంది. బండికి, బరువు మోసేవాడికి, రోగికి, స్త్రీకి అందరూ దారి ఇవ్వాలి అని అక్కడి భావం. అదే చోట పుట్టుకని బట్టి ఎక్కువ తక్కువల లెక్క కూడా ఉంది. దాన్ని మనం వదిలేయాల్సిందే. నన్ను ఆపింది ఏంటంటే, అంత కచ్చితంగా హోదాలు లెక్కపెట్టిన పుస్తకం కూడా నెత్తిన బరువున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి ‘అందరూ’ అంది. హోదాల లెక్క వదిలేశామని చెప్పుకునే మనం మాత్రం లిఫ్ట్ దగ్గర బరువు మోసేవాడిని ఆఖరున నిలబెడుతున్నాం.

ఇంకో చిక్కు ఉంది. లిఫ్ట్ లేని చోట, "పైకి తేవాలంటే అదనంగా ఇవ్వాలి సార్" అని అడుగుతారు. మనకి కోపం వస్తుంది. ఇంటి దాకా అని డబ్బు కట్టాం కదా! మన కోపం న్యాయమే. అతని అడుగుడూ న్యాయమే, ఎందుకంటే అంతస్తుల లెక్క అతని కూలిలో లేకపోవచ్చు. ఇద్దరికీ మధ్య ఆ ఖాళీ వదిలిపెట్టినవాళ్లు అక్కడ ఉండరు. అందుకే తగువు కింద మెట్ల దగ్గర పెట్టుకోకూడదు. ఫిర్యాదు కంపెనీకి రాయాలి. ఎదురుగా ఉన్న మనిషికి చేయి సాయం, లేదా మనసారా ఇవ్వగలిగినంత ఇవ్వాలి. బేరం మాత్రం వద్దు. నడుముకి బేరం ఏంటండీ?

మరి మనం చేయగలిగింది ఏంటి? ఆర్డర్ పెట్టే ముందే టేపు తీసి లిఫ్ట్ తలుపు, ఇంటి గుమ్మం, మెట్ల మలుపు కొలవండి. చాలా లిఫ్ట్‌ల తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లు ఉంటుంది, చిన్నవాటికి ఇంకా తక్కువ. దానికంటే వెడల్పైన ఫ్రిజ్ కొంటే అది మెట్ల మీదే రావాలి. తీరా గుమ్మంలో పట్టకపోతే అదే మనుషులు అదే బరువు మళ్లీ కిందకి దింపాలి. మన రెండు నిమిషాల కొలత వాళ్లకి రెండు ప్రయాణాలు తప్పిస్తుంది. అడ్రస్‌లో అంతస్తు ఎంతో, లిఫ్ట్ ఉందో లేదో రాయండి. సెక్యూరిటీకి ముందే చెప్పండి. ఓటీపీ కోసం కింద పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని మీటింగ్ అయ్యేదాకా ఆపకండి. కుదిరితే కిందకి దిగండి. వాళ్లు పైకి వచ్చాక "అన్నా, కూర్చో" అని మంచినీళ్లు ఇవ్వండి.

దయ అంటే మనకి ముందు దానమే గుర్తొస్తుంది. కానీ ఇక్కడ అడుగుతున్నది దయ కూడా కాదు, లెక్క సరిచూసుకోవడం. మన సౌకర్యానికి ఒక బరువు ఉంది. ధర కట్టినంత మాత్రాన ఆ బరువు మాయమైపోదు, ఒక మనిషి భుజానికి మారుతుంది. అది ఎవరి భుజం మీదకి వెళ్లిందో చూడటం కొన్నవాళ్ల బాధ్యతలో భాగమే.

ఈసారి లిఫ్ట్ ముందు పెద్ద పెట్టెతో ఎవరైనా కనబడితే, "మీరు ముందు వెళ్లండి" అని ఒక అడుగు పక్కకి జరుగుదాం. మీ అసోసియేషన్ మీటింగ్‌లో ఆ గుడ్డ గురించి, ట్రాలీ గురించి ఒక్క మాట ఎత్తండి.

శుభం.