చాదస్తము

మన యిండ్లలో దినమున కొకమాఱైనను వినబడు మాటలలో చాదస్తమొకటి. తుమ్ము వినబడగనే తాతగారు ప్రయాణము మానుకొనుట చాదస్తము. అమ్మమ్మ మడి చాదస్తము. చంద్రపురమున పుట్టి పెరిగిన పిల్లవానిచేత తెలుగు గుణింతము దిద్దించుటయు కొందఱి దృష్టిలో చాదస్తమే.

ఈ మాట పుట్టుక గౌరవమైనది. ఛందస్సనగా వేదము, వేదాధ్యయనము చేసినవాడు ఛాందసుడు. లోకము మాఱినను మాఱనివాడని అతనిని చూచి నవ్విన పిమ్మట అదియే చాదస్తముగా దిగజాఱినది. మన మరాఠీ పొరుగువారు తన కిష్టమైన పనియందే మునిగియుండు వానిని ‘ఛాందిష్ట’ యందురు. వారి భాషలో ‘ఛంద’ మనగా మక్కువ. ఆంగ్లేయుల ‘ఎక్సెంట్రిక్’ అను మాటకు గ్రీకు మూలమున కేంద్రమునకు వెలుపలిదని యర్థము. భూమి కేంద్రముగా లేని గ్రహవృత్తమును ప్రాచీన ఖగోళజ్ఞులు అట్లు పిలిచిరి. ఆ గ్రహము దారి తప్పలేదు. మనము నిలిచిన చోటు దాని కేంద్రము కాదు, అంతియే.

మన జిల్లాలోని వరోరాయందు బాబా ఆమ్టేగారు న్యాయవాదవృత్తిని విడిచి, మలపు తట్టలు మోసి, 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించి, భార్య సాధనాతాయితో గూడ కుష్ఠరోగుల నడుమ ఆనందవనమున కాపురముండిరి. లోకము రోగిని ఊరి వెలుపల నుంచెను. ఆయన ఆ వెలుపలనే తన కేంద్రమును నిలిపెను. తెలుగువారిలోను ఇట్టివారు లేకపోలేదు. నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారు (1863–1940) సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టిరి. ఆ కొండలలో తిరిగినప్పుడు వాడిన క్వినైను వలన వినికిడిని పోగొట్టుకొనిరి.

అట్లయిన ప్రతి వింతనడతయు పూజ్యమేనా? కాదు. దాని వెల నెవరు చెల్లించుచున్నారని యడుగవలెను. ఈ యిరువురును వెల తామిచ్చి, ఫలము నితరుల కొసగిరి. మడి పేరిట పనిమనిషిని గడప వెలుపల నిలుపు ఇంటిలో వెల చెల్లించునది ఆ పనిమనిషి. మొదటిదానిని సహింపవలెను, చేతనైన నేర్వవలెను. రెండవదానిని చాదస్తమని నవ్వి విడువరాదు, అన్యాయమని చెప్పవలెను.

మఱి గుణింతము దిద్దించు తల్లి మాట యేమి? ఆమె చాదస్తమునకు వెల పిల్లవాని ఆటవేళ. కావున గదమాయింపక, ప్రక్కన కూర్చుండి తానును వ్రాయుచు దిద్దింపవలెను. అప్పుడు పొరుగువారి మాటలో అది వాని ఛందమే యగును.