పంజరంలో ఉన్న అమానతు



అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు సోదరి ఇటీవల ఒక ప్రశ్న పంపారు. ఆమె పదేళ్ల కూతురు గినీ పిగ్‌ను పెంచుకుంటానని మారాం చేస్తోందట. వాళ్ల ఊరి యానిమల్ షెల్టర్‌లో, ఎవరో వదిలేసిన రెండు గినీ పిగ్‌లు కొన్ని వారాలుగా కొత్త యజమాని కోసం ఎదురుచూస్తున్నాయి. విషయం తెలిసి గుంటూరులో ఉన్న అత్తగారు ఫోనులో, "పంది పేరున్న జంతువు ఇంట్లో ఉంటే నమాజు ఎలా చెల్లుతుందమ్మా?" అని అడిగారట. వాటిని తెచ్చుకోవచ్చా? తెచ్చుకుంటే షెల్టర్ నుంచి తేవాలా, దుకాణంలో చిన్న పిల్లల్ని కొనాలా? ఇదీ ఆ సోదరి సందేహం.

ముందు పేరు సంగతి చూద్దాం. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'గినీ పంది' అన్నారు గానీ ఇది పంది జాతికి చెందినది కాదు. ఎలుక, ఉడుతల్లాగా కొరికి తినే జంతువుల వర్గానికి చెందినది. ఆఫ్రికాలోని గినీ దేశానికీ దీనికీ సంబంధం లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంత ప్రజలు వేల ఏళ్ల క్రితమే దీన్ని మచ్చిక చేసుకున్నారు. షరీఅత్ నిషేధించింది పందిని, ఆ పేరును కాదు. కనుక అత్తగారు కంగారు పడనవసరం లేదు. అయితే నమాజు చేసే చోటును, జానిమాజును పంజరానికి దూరంగా ఉంచాలి. దాని మలమూత్రాలు బట్టలకు అంటితే కడుక్కోవాలి. శుభ్రత విశ్వాసంలో భాగమని మనకు తెలిసినదే.

ఇక పెంచుకోవటం సంగతి. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిట్టి పిట్ట ఉండేది. దైవప్రవక్త (సఅసం) ఆ పసివాణ్ణి ప్రేమగా పలకరించిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. బాధ పెట్టకుండా చిన్న ప్రాణిని పెంచుకోవటం ధర్మసమ్మతమేనని ధర్మవేత్తలు దీన్నిబట్టి గ్రహించారు.

కానీ సోదరులారా, అనుమతి ఉన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదు. పిల్లిని కట్టేసి చంపిన స్త్రీ గురించి మనమంతా విన్నాం. ఆమె దానికి తిండి పెట్టలేదు, తన తిండి తాను వెతుక్కోవటానికి విడిచిపెట్టనూ లేదు. ఆ కారణంగానే నరకానికి అర్హురాలైందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఈ రెండో మాటను గమనించండి. స్వేచ్ఛగా తిరిగే ప్రాణి తన ఉపాధి కోసం తాను వెతుక్కుంటుంది. పంజరం తలుపు మూసిన రోజున ఆ దారి మూసింది మనమే. దాని ఉపాధిని అల్లాహ్ మన చేతి మీదుగా పంపుతున్నాడు. అంటే అది మన దగ్గర ఉన్న అమానతు.

ఈ మాట రాస్తుంటే నా తప్పు ఒకటి గుర్తుకొస్తోంది. చిన్నతనంలో మా ఇంట్లో ఒక జత లవ్ బర్డ్స్ ఉండేవి. వాటికి నీళ్లు పెట్టటం నా పని. బంధువుల పెళ్లికి వెళ్తూ గిన్నె నింపటం మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి ఒకటి చనిపోయి ఉంది. అమ్మ నన్ను తిట్టలేదు. "రేపు అల్లాహ్ అడిగితే ఏం చెప్తావు నాన్నా?" అంది, అంతే. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు, తౌబా తప్ప.

షెల్టర్లకు ఇవి ఎలా చేరతాయో తెలుసా? పిల్లలు అడిగారని పెద్దలు కొంటారు. కొన్ని నెలలకు పిల్లల సరదా తీరిపోతుంది. కానీ గినీ పిగ్ మామూలుగా అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. కొన్నిసార్లు రెండూ ఆడవే అనుకుని తెచ్చినవాటిలో ఒకటి మగది అవుతుంది. దాదాపు రెండు నెలల్లో పిల్లలు పుడతాయి. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. అప్పుడు కంగారుపడి షెల్టర్‌లో ఇచ్చేస్తారు. ఇంకొందరు పార్కులో వదిలేసి, స్వేచ్ఛ ఇచ్చామనుకుంటారు. తరతరాలుగా మనిషి చేతి తిండికి అలవాటుపడిన జీవిని బయట వదలటం స్వేచ్ఛ ఇవ్వటం కాదు, చావుకు అప్పగించటం.

అందుకే దుకాణంలో కొనటం కన్నా, ఇప్పటికే ఆసరా కోల్పోయినదాన్ని తెచ్చుకోవటం మేలు. కొనటం నిషిద్ధమని నేను అనటం లేదు. కానీ అవసరంలో ఉన్న ప్రాణి హక్కు ముందుది. ఒకటి ఇల్లు చేరితే షెల్టర్‌లో మరోదానికి చోటు దొరుకుతుంది. దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్లు తెచ్చిన మనిషిని అల్లాహ్ క్షమించాడు. పశువుల విషయంలోనూ పుణ్యం ఉందా అని సహాబాలు అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు.

అయితే తెచ్చిన రోజు కలిగే సంతోషంతో పని పూర్తి కాదు. గినీ పిగ్ ఒంటరిగా ఉండలేదు, దానికి తన జాతి తోడు కావాలి. కనుక ఆ రెండింటినీ విడదీయకూడదు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగటానికీ, కడుపు సరిగా పనిచేయటానికీ ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మనిషిలాగే దాని శరీరం కూడా సి విటమిన్‌ను తయారు చేసుకోలేదు. అందుకని క్యాప్సికం వంటి తాజా కూరగాయలు రోజూ పెట్టాలి. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగుల చోటు కావాలి. ఒక్క రోజు మేత ముట్టకపోయినా ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే వైద్యుడికి చూపించాలి.

ఒక అన్సారీ తోటలో ఒంటె దైవప్రవక్త (సఅసం)ను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాని చెవుల వెనుక నిమిరి, యజమానిని పిలిపించి, దాన్ని పస్తులుంచుతున్నందుకు, అతిగా పని చేయిస్తున్నందుకు అల్లాహ్‌కు భయపడమని మందలించారు. నోరులేని జీవి ఫిర్యాదు అల్లాహ్ సన్నిధికి చేరదని ఎవరూ అనుకోకూడదు.

మరొక మాట. షెల్టర్లు, రెస్క్యూ సంస్థలు దత్తత ఇచ్చేముందు దరఖాస్తు నింపిస్తాయి. అద్దె ఇంట్లో జంతువులకు అనుమతి ఉందా, ఇంట్లో ఎవరు చూసుకుంటారు అని అడుగుతాయి. ఇక పెంచలేని పరిస్థితి వస్తే తిరిగి తమకే అప్పగించాలని చాలా సంస్థలు ఒప్పందం రాయించుకుంటాయి. ఆ కాగితం మీద సంతకం చేయటమంటే మాట ఇవ్వటమే. ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులకు మాయిదా సూరా ఆరంభంలోనే ఆదేశం ఉంది. అబద్ధం రాసి తెచ్చుకున్న ప్రాణితో పుణ్యం ఆశించలేం.

కనుక ఆ సోదరికి నా సలహా ఇది. మీ అమ్మాయి ప్రేమ మంచిదే, దాన్ని చిన్నబుచ్చకండి. కానీ లెక్క అడిగేది పదేళ్ల పిల్లను కాదు, మిమ్మల్ని. ఆమె విసుగు చెందిన రోజున ఆ గడ్డి మీరు వేయగలరా? సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు వాటిని చూసేవారు ఉన్నారా? ఉంటే సంకల్పం శుద్ధి చేసుకుని, బిస్మిల్లాహ్ అని వెళ్లి ఆ రెండింటినీ తెచ్చుకోండి. తేల్చుకోలేకపోతే, కొన్నాళ్లపాటు తాత్కాలికంగా సాకే ఏర్పాటు ఉందేమో అడగండి. అదీ కుదరకపోతే ఒక మూట ఎండుగడ్డి ఇచ్చి రండి. చేయలేని పనిని నెత్తికెత్తుకుని జుల్మ్ చేయటం కన్నా అది ఎంతో మేలు.

పాఠకులారా! మన ఇళ్లలో గినీ పిగ్ లేకపోవచ్చు. చేపల తొట్టి ఉండవచ్చు, పావురాల గూడు ఉండవచ్చు, పెరట్లో కట్టేసిన మేక ఉండవచ్చు. ఈ పూట దాని ముందున్న నీళ్ల గిన్నె ఒకసారి చూసి రండి.

మన చేతికింద ఉన్న ప్రతి ప్రాణి పట్ల దయతో, జవాబుదారీతనంతో మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.