మేరీకి ఎవరు చెప్పాలి?

షెర్లాక్ హోమ్స్‌ని ఆడమనిషిని చేయడం ఇప్పుడు కొత్త సంగతేం కాదు. 2018లో వచ్చిన జపాన్ సిరీస్ ‘మిస్ షెర్లాక్’లో హోమ్స్, వాట్సన్ ఇద్దరూ ఆడవాళ్లే, ఊరు టోక్యో. షెర్రీ థామస్ 2016లో మొదలుపెట్టిన నవలల్లో షార్లెట్ హోమ్స్ ఉంటుంది. ఆడదాని తెలివిని నమ్మి ఎవరూ కేసు ఇవ్వరు కాబట్టి, పక్కగదిలో మంచం పట్టిన సోదరుడు ఒకడున్నాడని, అతని పేరు షెర్లాక్ అని ఆమె కథ అల్లుతుంది.

మన దగ్గర ఆ కుర్చీలో ఇంకా మగవాడే కూర్చున్నాడు. 1986లో జంధ్యాల ‘చంటబ్బాయ్’, 2019లో నెల్లూరు ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’, 2024లో ‘శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్’. ఊరు మార్చాం, యాస మార్చాం, బోలెడంత కామెడీ కలిపి సొంతం చేసుకున్నాం. ఆత్రేయ దగ్గర స్నేహ ఉంది, కానీ అసిస్టెంట్‌గా. ఆ కుర్చీ ఆమెకిస్తే ఏం మారుతుంది?

కేసు తేల్చడం వరకైతే ఏమీ మారదు. బురద మరక చూసి ఏ దారిన వచ్చారో చెప్పడానికి ఆడా మగా ఏముంది? తేడా రావాల్సింది కేసు తేలాక. దీనికి నేను పెట్టే పరీక్ష ఒకే ఒక్క కథ: 1891 సెప్టెంబరులో వచ్చిన ‘ఎ కేస్ ఆఫ్ ఐడెంటిటీ’.

మేరీ సదర్లాండ్ టైపిస్టు. చనిపోయిన చిన్నాన్న రాసిచ్చిన షేర్ల మీద ఏడాదికి వంద పౌండ్ల దాకా వడ్డీ వస్తుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ డబ్బు తల్లికీ, మారుతండ్రి విండిబ్యాంక్‌కీ వదిలేసి, తన ఖర్చులు టైపింగ్‌తో వెళ్లదీసుకుంటుంది. హాస్మర్ ఏంజెల్ అనే అతన్ని ఇష్టపడితే, అతను పెళ్లిరోజు పొద్దున మాయమైపోతాడు. హోమ్స్ తేల్చేదేమిటంటే, ఆ హాస్మర్ మారువేషంలో ఉన్న మారుతండ్రే. నీ కోసమే ఉంటానని ఆమె చేత ఒట్టు వేయించుకుని మాయమైతే, ఆమె ఇంకెవర్నీ చూడదు, వంద పౌండ్లు ఇంట్లోనే ఉంటాయి. తల్లికి కూడా తెలుసు.

లండన్ కథ గానీ, మనకి పరాయిగా అనిపించదు. సంపాదించే కూతురు గడప దాటకపోతే ఇంటికి లాభం అనే లెక్క మన ఇళ్లకి తెలియనిది కాదు. 1976లో ‘అంతులేని కథ’లో జయప్రద వేసిన ఉద్యోగిని, ఆమె జీతం మీద బతికే ఇల్లు గుర్తుకు రాకుండా ఈ కథ చదవలేం.

హోమ్స్ విండిబ్యాంక్‌ని పిలిపించి నిజం కక్కిస్తాడు. చట్టం ప్రకారం ఏం చేయలేమని తేలాక, కొరడా అందుకోబోతాడు, వాడు పారిపోతాడు. మరి మేరీకి? చెప్పడు. చెప్పినా నమ్మదంటాడు. ఆడదాని భ్రమని లాక్కోవడం ప్రమాదమని ఒక పారశీక సామెత వాట్సన్‌కి వినిపిస్తాడు. కథ అయిపోతుంది.

ఇదే హోమ్స్‌ని ఆ జులైలో వచ్చిన కథలో ఐరీన్ ఆడ్లర్ తెలివితో ఓడించింది. ఆ కేసుకి గుర్తుగా బొహీమియా రాజు ఇచ్చిన బంగారు నశ్యం డబ్బీ ఈ కథలో ఆయన దగ్గరే ఉంది. అయినా ఒక ఆడమనిషి నిజాన్ని తట్టుకోగలదా లేదా అన్నది ఆమెని అడక్కుండానే ఆయన తేల్చేశాడు.

జాలితో చెప్పలేదు అనుకుందాం. ఆ జాలి ఎవరికి పనికొచ్చింది? మేరీ పదేళ్లు ఇంకో మగవాణ్ణి చూడకూడదన్నది విండిబ్యాంక్ పథకం. నిజం తెలియనంతకాలం ఆ పథకం నడుస్తూనే ఉంటుంది, వడ్డీ ఆ ఇంటికి అందుతూనే ఉంటుంది. అంటే హోమ్స్ మౌనం వాడి పనినే పూర్తి చేసింది. మా ఫీల్డులో యూజర్ డేటా లీకైతే, లీక్ చేసినవాణ్ణి పట్టుకుని తిడితే సరిపోదు. ఆ యూజర్‌కి చెప్పాలి. బాధపడతారేమో అన్నది చెప్పకపోవడానికి కారణం కాదు.

ఆడ హోమ్స్ అయితే చెప్పేదా? గ్యారంటీ లేదు. మేరీ తల్లి ఆడదే కదా. ఇక్కడ వనస్థలిపురంలో, నేనుండే చుట్టుపక్కల, డిటెక్టివ్ పని ఎప్పట్నుంచో ఆడవాళ్లే చేస్తున్నారు. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఎలాంటివాడో, అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరితో తిరిగిందో రెండ్రోజుల్లో తెలుసుకోగల ఆంటీలున్నారు. రైతుబజార్లో కూరలు ఏరుతూనే సగం వివరాలు రాబడతారు. చూపు అదే, తర్కం అదే. హోమ్స్ చేస్తే మేధస్సు, వీళ్లు చేస్తే ఆరాలు తీయడం. పేరులో ఈ తేడా అన్యాయమే.

అన్యాయమని ఆ ఆరాలన్నీ మంచివని అనలేను. ఆంటీకి తెలిసిన సంగతి కాలనీ మొత్తానికి చేరుతుంది, ఆ అమ్మాయికి తప్ప. హోమ్స్‌కి తెలిసింది నేరస్థుడికి, స్నేహితుడికి చేరింది, మేరీకి తప్ప. ఒకరు ఎక్కువ మాట్లాడారు, ఒకరు మాట్లాడలేదు. ఇద్దరి లెక్కలోనూ ఎవరి జీవితమో వాళ్లే ఆఖరు.

అందుకే హోమ్స్‌ని ఆడమనిషిని చేయడంలో నాకు కనిపించే అర్థం ఇదొక్కటే. ‘నీ మంచికే’ అంటూ పక్కగదిలో తన గురించి జరిగే మాటలు వింటూ పెరిగిన మనిషి ఆ కుర్చీలో కూర్చుంటుంది. పెళ్లిచూపుల్లో ఏం దాచారో, ఉద్యోగం ఎందుకు మాన్పించారో ఏళ్ల తర్వాత తెలుసుకున్న మనిషి కావచ్చు. ఆ అనుభవం కూడా ఒక సాక్ష్యమే, బేకర్ స్ట్రీట్ హోమ్స్ దగ్గర లేని సాక్ష్యం. అది ఉన్నంత మాత్రాన ఆమె చెప్పి తీరుతుందని కాదు. కానీ చెప్పకుండా ఉండాలంటే ఒక సామెత ఆమెకి సరిపోదు.

నిజం చెప్పడం కూడా ఒక హింసే అని వాదించొచ్చు, నిజమే. మేరీ కుప్పకూలొచ్చు, డిటెక్టివ్‌నే తిట్టి పంపొచ్చు, హాస్మర్ వస్తాడని ఎదురుచూస్తూనే ఉండొచ్చు. నమ్మకపోవడం ఆమె హక్కు. కానీ నమ్మకపోవడానికైనా ముందు వినాలి కదా!

మన తెలుగు లేడీ హోమ్స్‌ని ఎవరైనా రాస్తే ఆమెకి టోపీ, పైపు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఫైట్లు కూడా అక్కర్లేదు. హాస్మర్ టైపు చేసిన ఉత్తరాలూ, విండిబ్యాంక్ టైపు చేసిన ఉత్తరమూ ఒకే మెషీన్ మీదవని హోమ్స్ పట్టుకున్నాడు. ఆ కాగితాలు తీసుకెళ్లి మేరీ ముందు పక్కపక్కన పెడితే చాలు. మేరీ టైపిస్టు. అరిగిపోయిన అక్షరాలని ఆమె హోమ్స్ కంటే త్వరగా గుర్తుపట్టేది.