మెగావాట్లలో ఒక్క బుగ్గ

సబ్‌స్టేషన్‌లో గంట గంటకూ లాగ్‌బుక్కు రాయాలి. పదకొండు కేవీ ఫీడరు మీద నూరు ఆంపియర్లు నడుస్తుంటే దాదాపు 1.8 మెగావాట్లని లెక్క. శంషాబాద్ పరిసరాల్లో మొదట లైన్‌మన్‌గా, తరవాత ఆపరేటరుగా పనిచేసి రిటైరైన నాకు ఆ అంకెలు ఇప్పటికీ నోటికి వస్తాయి. వెయ్యి వాట్లు ఒక కిలోవాటు, వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాటు. అంటే ఒక మెగావాటులో పది లక్షల వాట్లు. ఎటునుంచి ఎటు మార్చినా దశాంశ బిందువు జరుగుతుందే తప్ప కరెంటు తరగదు, పెరగదు.

అయితే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బును మెగావాట్లలో రాసి చూడండి: 0.000009. మా ప్యానెల్ మీటరు దశాంశం తరవాత రెండంకెలే చూపేది. దాని లెక్కలో ఆ బల్బు 0.00. వెలుగుతున్న దీపం, మీటరులో సున్నా! ఇన్ని లోకాలను నడిపేవాడి లెక్కలో మనిషి కూడా ఇలాగే సున్నా అయిపోతాడా అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

లైన్‌మన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి ఫ్యూజ్ ఆఫ్ కాల్ మీద ఒంటరి అవ్వ ఇంటికి వెళ్లాను. స్తంభం మీద సర్వీసు వైరు జాయింటు కాలి నల్లబడింది. కొస చెక్కి, కొత్తగా మెలేసి, టేపు చుట్టి దిగాను. లోపల బల్బు వెలిగింది. "ఒక్క బుగ్గ కోసం ఇంత రాత్రి వస్తిరా బిడ్డా" అని నొచ్చుకుంది అవ్వ. నవమికి అమ్మపల్లి రామాలయంలో కల్యాణం చూసి వచ్చిందట. "గంత మంది జనంల నేను ఆ రాముని కండ్లకు ఆనుతనా?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

జవాబు దొరికింది గ్రిడ్డులోనే. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసింది. అప్పటినుంచి కాశ్మీరు దాకా ఒకే లయ, 50 హెర్ట్జ్. ఈ గ్రిడ్డులో కరెంటును దాచిపెట్టుకునే చోటు దాదాపు లేదు; ఏ క్షణం ఎంత వాడుతున్నామో ఆ క్షణమే అంత పుట్టాలి. అవ్వ స్విచ్చి వేయగానే శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రం మీద కూడా ఆ భారంలో దాని వంతు పడుతుంది. అది తిరిగే వేగం ఏ మీటరుకూ అందనంత సూక్ష్మంగా తగ్గుతుంది. తగ్గడం మాత్రం నిజం. మీటరు సున్నా అన్న ఆ తొమ్మిది వాట్లనూ గ్రిడ్డు పూర్తిగా చెల్లిస్తుంది. చిన్నదాన్ని కొట్టివేసేది కొలిచే సాధనమే, మోసే శక్తి కాదు.

పెద్దది చిన్నదాన్ని మోయడమే కాదు, దాని మీద ఆధారపడుతుంది కూడా. మా శంషాబాద్ విమానాశ్రయానికి 10 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. సోలార్ పలకను దగ్గరగా చూస్తే నీలి గళ్లు కనిపిస్తాయి. మంచి ఎండలో ఒక్కో గడి ఇచ్చేది నాలుగైదు వాట్లే. గళ్లన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి, ఒక్క గడి మీద ఆకు పడినా ఆ వరుసంతా కుంగుతుంది. కోటి వాట్లనే మాట ఆ నాలుగైదు వాట్ల మీదే నిలబడింది.

ఈ చిన్నా పెద్దా లెక్క మా దగ్గరి ముచ్చింతల్‌లోనూ గుర్తొస్తుంది. అక్కడ పీఠాలతో కలిపి 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించారు. అక్కడే లోపల, ఆయన బతికిన 120 ఏళ్లకు గుర్తుగా, 120 కిలోల బంగారంతో చేసిన 54 అంగుళాల మూర్తి ఉంది. అంత ఎత్తున నిలిపిన ఆ ఆచార్యుడు జీవుడి గురించి చెప్పింది మాత్రం, జీవుడు అణువని. పరమాత్మ విభువు, అంతటా నిండినవాడు. అయినా ఆ అణువు మోక్షంలో కూడా కరిగి మాయమైపోదన్నారు. తానుగానే ఉండి ఆయన్ని అనుభవిస్తుందన్నారు. నాకు ఇది ఎంతో నచ్చిన మాట. మొత్తంలో చేరిన తొమ్మిది వాట్లు తొమ్మిది వాట్లుగానే ఉంటాయి.

ఈ పోలికకు హద్దుంది. గ్రిడ్డుకు దయ లేదు. లోడు మించితే ఫీడరు ఆపుతారు, ఆ చీకట్లో ఎవరున్నారో గ్రిడ్డుకు పట్టదు. దేవుణ్ణి గ్రిడ్డు అనడం లేదు నేను. పెద్దదైనంత మాత్రాన చిన్నది అందకుండా పోదని మాత్రమే అంటున్నాను. ప్రాణంలేని తీగలే ఒక్క వాటునూ వదలనప్పుడు, దయామయుడని మనం కొలిచేవాడు వదులుతాడని ఎందుకు భయపడాలి? అవ్వా, నువ్వు ఆనుతావు. ఇది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఇలా నమ్మినవాడికి ఒక బాధ్యత కూడా ఉంది. పెద్ద అంకెలతో పనిచేసే ప్రతివాడి చేతిలోనూ కొట్టివేసే మీటరు ఒకటి ఉంటుంది. ఒక్క ఇల్లే కదా, ఒక్క పింఛనే కదా, ఒక్క పిల్లే కదా అన్నప్పుడు మనం లెక్క మార్చడం లేదు, మనిషిని చెరిపేస్తున్నాం. కొత్తగా చేరిన కుర్రాళ్లకు అందుకే చెబుతాను: ఫీడరు ట్రిప్పయితే ఎంత శ్రద్ధగా టైము రాస్తారో, ఒక్క ఇంటి ఫ్యూజు పోయినా అంతే శ్రద్ధగా రాయండి, ఆ రాత్రే వెళ్లండి. భగవంతుడి లెక్క తప్పదని నమ్మేవాడు తన రిజిస్టరులో ఎవరినీ సున్నా చేయకూడదు.