మొదటి పంపకంలోనే సర్వం ఒడ్డడం

టోర్నమెంటు మొదలైన కాసేపటికే చిప్సన్నీ ఒక్క పంపకం మీద ఒడ్డాలా వద్దా అన్నది పోకర్‌లో పాత చిక్కు. ఆల్ ఇన్ అంటే అదే. తెలుగునాట పోకర్ కన్నా రమ్మీ తెలిసినవాళ్లే ఎక్కువ కాబట్టి, ఈ చిక్కును ముందు అటువైపు నుంచి చూడటం మేలు.

101 పూల్ రమ్మీలో పదమూడు ముక్కలూ చేతికి రాగానే తేల్చుకోవాల్సింది ఆడటమా, డ్రాప్ చేయడమా అని. ముక్క తీయకముందే వదిలేస్తే 20 పాయింట్లు. కాసేపు ఆడి వదిలేస్తే 40. అవతలివాడు షో చేసేదాకా కూర్చుని, ప్యూర్ సీక్వెన్సు కూడా పడకపోతే ఫుల్ కౌంట్ కింద 80 దాకా తినాలి. 101 చేరినవాడు లేచిపోతాడు. వరసగా ఐదుసార్లు వదిలేసినవాడు వంద పాయింట్లతో ఇంకా ఆటలోనే ఉంటాడు. మొదటి ఆటలోనే ఎనభై తిన్నవాడికి మాత్రం ఒక్క డ్రాప్ మిగులుతుంది. అదీ అయిపోతే ఎంత చెత్త ముక్కలొచ్చినా ఆడి తీరాలి. ఏ చేయి ఆడాలో, ఏది వదలాలో ఎంచుకునే వీలు పోవడం ఆ ఎనభై పాయింట్ల కన్నా పెద్ద నష్టం.

ఆ ఎంచుకోవడమే రమ్మీకి చట్టం దగ్గర మన్నన తెచ్చింది. హైదరాబాదు పత్తర్‌గట్టి రాతి కమానుల వెంట మదీనా మీదుగా నయాపూల్ వైపు వస్తే, మూసీ దక్షిణపు ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం కనిపిస్తుంది.  సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు రమ్మీ కేసులో పడిన శిక్షలను అప్పట్లో అక్కడే ఉన్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరు 22న ఆ కోర్టు కూడా ప్రభుత్వ వాదనను ఒప్పుకోలేదు. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చింది. మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం కింద జమకట్టింది. తర్వాత 2017 చట్ట సవరణలతో తెలంగాణలోనూ, 2025 కేంద్ర చట్టంతో దేశమంతటా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలకు తలుపులు మూసుకున్నాయి. ఆ నిషేధం తెచ్చిన కారణాలు బలమైనవే. అయినా నేర్పుకూ అదృష్టానికీ మధ్య ఆ తీర్పు గీసిన గీత ఇక్కడ పనికొస్తుంది. నేర్పు ఒక్క పంపకంలో బయటపడదు. వందల పంపకాల మీద కొద్దికొద్దిగా తేలుతుంది. తొలి గంటలోనే సర్వం ఒడ్డినవాడు నేర్పుతో ఆడాల్సిన ఆటను తన చేతులతోనే మూడు ముక్కలాట చేసుకుంటున్నాడు.

పోకర్‌లో దీన్ని అంకెల్లోనే చూడొచ్చు. పదిమంది సమ ఉజ్జీలు, తలా పదివేల చిప్సు, బహుమతి మొత్తం లక్ష రూపాయలు. మొదటి ముగ్గురికి 50, 30, 20 వేలు అనుకుంటే, ఆరంభంలో ఒక్కొక్కరి వాటా విలువ 10,000. ఒకడు ఆల్ ఇన్ పెట్టి ఎదుటివాణ్ణి పడగొట్టి చిప్సు రెట్టింపు చేసుకున్నాడు. వాటా కూడా 20,000 కావాలనిపిస్తుంది. కానీ గణాంక శాస్త్రవేత్త డేవిడ్ హార్విల్ 1973లో గుర్రప్పందేల కోసం చెప్పిన లెక్కను పోకర్ రచయిత మేసన్ మాల్మత్ 1987లో పోకర్‌కు అన్వయించాడు. ఆ లెక్క ప్రకారం వాటా 18,440 దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన సుమారు 1,560 రూపాయలూ ఊరికే కూర్చున్న ఎనిమిదిమందికి తలా 195 చొప్పున చేరతాయి. ఓడితే పోయేది పూర్తి పదివేలు, గెలిస్తే వచ్చేది ఎనిమిదివేల చిల్లర. గెలిచే అవకాశం 54 శాతం దాటితే తప్ప ఈ పందెం గిట్టదు. చేతిలో రెండు రాణులున్నాయి, ఎదుటివాడి దగ్గర ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు ఉన్నాయని ముందే తెలిసిపోయిందనుకుందాం. అప్పుడు కూడా రాణుల గెలుపు 54 శాతం దగ్గరే. అందరూ బ్రహ్మాండమనుకునే చేయి తొలి గంటలో దాదాపు లాభం లేని పందెం. అదే రెండు ఆసులు పడి, ఎదుట రాజుల జత ఉంటే గెలుపు వందకు ఎనభై రెండు. అక్కడ వెనక్కి తగ్గడం పిరికితనమే. అయితే అంత మంచి పందేలైనా, ఎనభై శాతం చొప్పున నాలుగుసార్లు వరసగా గట్టెక్కే అవకాశం 41 శాతమే.

వ్యాపారంలోనూ సర్వం ఒడ్డుతారు కదా అనిపించవచ్చు. కానీ రంజాన్ ముందు పెట్టుబడంతా సరుకులో పెట్టే పత్తర్‌గట్టి బట్టల వ్యాపారిని సాహసానికి ఉదాహరణగా చూపడం సబబు కాదు. పండక్కి పోని సరుకు తర్వాత తగ్గింపు ధరకైనా పోతుంది, దుకాణం నిలుస్తుంది. టోర్నమెంటులో పోయిన చిప్సు కింద ఏదీ మిగలదు.

బలహీనుడి సంగతి వేరు. ఎంతసేపు ఆడితే నేర్పరికి అంత లాభం కాబట్టి, చేతకానివాడికి తొందరగా తేల్చుకోవడమే కొంత నయం. సభాపర్వంలో ధర్మరాజు ఒక్కొక్కటిగా ఒడ్డుతూ పోయాడు. శకుని లాంటివాడి ముందు ప్రతి కొత్త పందెమూ ఓటమిని ఇంకొంత ఖాయం చేసింది. అరణ్యపర్వంలో బృహదశ్వ మహర్షి నలుడి కథ చెప్పి ధర్మరాజుకు అక్షహృదయమనే పాచికల విద్య ఉపదేశించాడు. అంతా పోయాక అందిన విద్య అది.

రెండు సందర్భాల్లో ఈ లెక్క మారుతుంది. వంతులవారీగా తప్పనిసరిగా పెట్టాల్సిన చిప్సు, అంటే బ్లైండ్స్, పెరిగే కొద్దీ ఊరికే కూర్చున్నా చిప్సు కరిగిపోతాయి. అప్పుడు ఆగడమే ఖరీదవుతుంది, మామూలు చేతితోనైనా తెగించక తప్పదు. రీబై ఉన్న టోర్నమెంటులో పడిపోయినవాడు మళ్లీ ఫీజు కట్టి కూర్చోవచ్చు గనక తొలి గంటలో తెగింపు కొంత చవక. అక్కడ పణంలో ఉన్నది చిప్సుతో పాటు ఆ రెండో ఫీజు కూడా. రీబై గడువు ముగిసిన క్షణం నుంచి మళ్లీ 54 శాతం లెక్కే.