పాతర ధర్మము

కూడబెట్టుట పుణ్యమా, పాపమా? ఈ ప్రశ్నకు మన పెద్దలు రెండు విధములుగా ఉత్తరము చెప్పిరి. వానకాలమునకై గింజలు చేర్చుకొను చీమను మెచ్చిరి; తాను తినక, ఒరులకు పెట్టక ధనమును నేలలో పాతిపెట్టు లోభిని నిందించిరి. ఇరువురును చేసిన పని యొక్కటియే, ఫలము మాత్రము వేఱు. కావున సంచయమునకు దానియంతట దానికి పుణ్యపాపములు లేవనియు, అది ఎవరి కొఱకు, ఎవరి వెలతో చేయబడినదో, ఏ వేళ తెఱవబడునో విచారించియే దాని ధర్మమును నిర్ణయింపవలయుననియు మా యభిప్రాయము. ఈ పాత విచారమును నేడు మరల ఎత్తుకొనుటకు కారణము సూర్యుడును గాలియు మనకిచ్చు విద్యుచ్ఛక్తి.

ధాన్యమునకు లేని యొక దోషము విద్యుత్తునకు కలదు. కళ్లమున రాశిపోసిన జొన్నలు మఱునాటివరకు నిలుచును. విద్యుత్తు పుట్టిన క్షణముననే వ్యయము కావలెను. పుట్టుకయు వాడుకయు సరితూగనిచో, సెకనుకు 50 ఆవృత్తములుగా నడువవలసిన ప్రవాహపు లయ చెడి యంత్రములు ఆగిపోవును. బొగ్గుతో ఈ తూకము కొంత సులభము. కడప సీమలో ముద్దనూరు చేరువనున్న తాపవిద్యుత్కేంద్రమున, వాడుక హెచ్చిన బొగ్గు హెచ్చుగా వేయుదురు, తగ్గిన తగ్గింతురు. సూర్యునిపై మన యాజ్ఞ సాగదు. కర్నూలునకు ఆగ్నేయమున గని, శకునాల గ్రామముల యొద్ద దాదాపు 6,000 ఎకరములలో 2017లో వెలసిన 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము మధ్యాహ్నమున నిండు చేతులతో ఇచ్చును. ఇంటింట దీపము వెలిగించు వేళకు దాని చేతులు ఖాళీ. గాలిమరలు నైరృతి ఋతుపవన మాసములలో విరివిగా తిరిగి, తక్కిన మాసములలో మందగించును.

రాయలసీమ వారికి ఈ సంకటము క్రొత్తది కాదు. ఒకయేడు కురిసి రెండేండ్లు మొగము చాటుచేయు మేఘములను నమ్మి బ్రదుకు మన పూర్వులు పాతరలు త్రవ్విరి. మెట్టనేలలో గొయ్యి తీసి, అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, జొన్నలు నింపి, పైన మట్టి కప్పి, కఱవునాటికి దాచిరి. నేడు విద్యుత్తునకును అట్టి పాతరలు ఏర్పడుచున్నవి. మా ఆత్మకూరునకు నైరృతి దిక్కున, పాణ్యము మండలమందలి పిన్నాపురము కడ గ్రీన్‌కో సంస్థ తలపెట్టిన 1,680 మెగావాట్ల పథకమునకు 2022 మే 17వ తేదిని ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిరి. దాని విధానము పిల్లలకు సైతము బోధపడునట్టిది. గుట్టపైన ఒక జలాశయము, దిగువ మఱియొకటి. పగటి మిగులుశక్తితో దిగువ నీటిని పైకెత్తుదురు. సాయంకాలము ఆ నీటినే క్రిందికి వదలి టర్బైనులు త్రిప్పుదురు. ఆవిరియైనంత మాత్రము పూరించుకొనుచు, అదే నీటిని మరల మరల వాడుదురు. శ్రీశైలము ఎడమగట్టునను, నాగార్జునసాగరమునను ఇట్లు వెనుకకు త్రిప్పదగిన యంత్రములు మునుపటినుండియే కలవు.

ఇక ధర్మవిచారము. ప్రతి పాతరయు తన కూలి తాను తీసికొనును. జొన్నపాతరలో చెమ్మకును పురుగునకును కొంత పోవును. నీటిపాతరలో నాలుగు యూనిట్లు వేసిన మూడు మాత్రమే తిరిగి వచ్చును. నీటిని విద్యుత్తుతో విడదీసి ఉదజనిని, అనగా హైడ్రోజనును పుట్టించి, దానినుండి మరల విద్యుత్తు తీసినచో దక్కునది మూడింట ఒక వంతునకు అటునిటు. పైగా వేయి లీటర్ల నీరు 100 మీటర్ల యెత్తున నిలిచిన, అందలి శక్తి యూనిటులో పాతికవంతునకు కొంచెము మాత్రమే మించును. ఒక చిన్న సంసారపు రాత్రి వాడుక రెండు యూనిట్లనుకొన్నను, దానికై దాదాపు ఎనిమిదివేల లీటర్లు గుట్టయెక్కవలెను. కావున నేడే తినదగినదానిని పాతరలో వేయుట అవివేకము. ఇది మొదటి ధర్మము.

దీనిని మన రైతుపట్ల చూడుడు. బొగ్గు విద్యుత్తు రాత్రి మిగులుచున్నదని చిరకాలము సేద్యమునకు నడిరేయి సరఫరా చేసిరి. చీకటిలో బోరుమోటారు వేయబోయి పాముకాటునకో, తడిచేతి విద్యుద్ఘాతమునకో బలియైన కాపులను ఈ సీమలో ఏ యూరివారును ఎఱుగకపోరు. పగటియెండ మిగిలినపుడు ఆ మోటారు పగలే తిరుగవలెను. పైరు పాదున నిలిచిన నీరే ఒక పాతర. దానికి యంత్రమక్కఱలేదు, తరుగును లేదు. మన వాడుకను సూర్యుని నడకకు ఇమిడించుకొనుట సంచయములలోకెల్ల చవుకయైనది. పెద్ద పాతరను త్రవ్వుటకు ముందు ఈ చిన్న సర్దుబాటును చేయనివాడు వివేకి కాడు.

రెండవది, పాతర త్రవ్విన నేలయొక్క ఋణము. శ్రీశైల జలాశయమునకై 1981లో నూరుకు మించిన గ్రామములు ఖాళీ చేయింపబడినవి. మాకు చేరువనున్న సంగమేశ్వరము ఆలయము నేటికిని ఏటేట నీట మునిగి, నీరు తీసిన వేసవిలో మాత్రమే దర్శనమిచ్చును. దేవుడైనను ఏటికొకమాఱు పైకి వచ్చుచున్నాడు; ఆ నీట మునిగిన యూళ్లవారి పొలములు తిరిగి రాలేదు. నదికి అడ్డుకట్ట లేని పిన్నాపురమువంటి పథకములు అంత నేలను ముంచవు, అది మెచ్చవలసినదే. అయినను గుట్టయనగా బీడుకాదు. గొఱ్ఱెలకాపరికి అది మేత, పేదరాలికి కట్టెలు. పట్టా లేనివారి జీవనోపాధికిని వెలకట్టనిదే ఆ నేల ఋణము తీరదు.

మూడవదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు, పాతర ఎవరికొఱకు తెఱవబడుననునది. 2022లోనే ఆర్సెలర్‌మిత్తల్ సంస్థ మన రాష్ట్రమున 975 మెగావాట్ల సౌర, పవన విద్యుత్తును నెలకొల్పి, గ్రీన్‌కో వారి నీటిపాతరతో దానిని జోడించి, గుజరాతులోని హజీరా ఉక్కు కర్మాగారమునకు పంపుటకు ఒప్పందము చేసికొనెను. మా యెండ అచటికి పోవుటయేమని కొందఱు రోషపడుదురు. మేము వారితో నేకీభవింపము. ఉక్కు అందఱిదియు, అచట బొగ్గు తగ్గిన ఇచటి గాలికిని మేలు. విద్యుత్తునకు సరిహద్దులు గీయుట నూతియందలి నీటికి కులము కట్టుటవంటిది.

మఱికొందఱు ధనము పెట్టినవానిదే పాతర, అమ్ముట వాని యిచ్చ యందురు. వారికి ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిని జ్ఞప్తికి తెత్తుము. 1866 నాటి కఱవున ఆయన గాదెలలోని గింజలు ఆయనవే. హెచ్చు వెలకమ్మిన తప్పుపట్టు శాసనము లేదు. ఆయన గాదెలు తెఱచి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. ఆనాటి బ్రిటిషు రాణి పతకము పంపెను. అంతటి ఔదార్యమును వ్యాపారసంస్థలనుండి మేము కోరము. దానము చేయుడనుట వేఱు, పాలు ఇయ్యుడనుట వేఱు. ఏ నేల ఎండను, ఏ గుట్ట ఎత్తును పాతరయయ్యెనో, ఆ నేలవారి ఆసుపత్రియు, బడియు, త్రాగునీటి మోటారును కొఱతవేళ మొదట వెలుగవలెనని ఒప్పందమునందే వ్రాయుట ధర్మము. కఱవునాడు కనికరము కోరుటకంటె, కలిమినాడు హక్కు వ్రాసికొనుట మేలు.

ప్రత్యామ్నాయ ఇంధనములకును ఇదే కొలబద్ద. విశాఖపట్టణపు సీమలో పూడిమడక యొద్ద హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. తీగ చేరజాలని ఎరువుల కర్మాగారమునకును, ఓడకును ఉదజని తగును. ఇంటి దీపమునకు దానిని కాల్చుట దుర్వ్యయము. పెట్రోలునందు నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుస్థితికి మన దేశము 2025లో చేరినది. అందుకు చెఱకే గాక మొక్కజొన్నయు, బియ్యమును వాడుచున్నారు. మిగులును మండించినచో దోషము లేదు. కఱవు నెఱిగిన సీమవారము గనుక, నోటికి ముందు ఇంజనుకు గింజ పోయరాదని మాత్రము గట్టిగా చెప్పుదుము.

సంస్కృతమున యోగక్షేమమను జంటపదము కలదు. లేనిదానిని పొందుట యోగము, పొందినదానిని కాచుకొనుట క్షేమము. ఎండను పట్టుట మన తరము నేర్చినది, అది యోగము. దానిని రాత్రికి కాచుటయు నేర్చుచున్నది. ఆ కాపుదల కొందఱి క్షేమమై నిలుచునా, అందఱి క్షేమమగునా యనునది యంత్రజ్ఞులు తేల్చునది కాదు. ఒప్పందములు వ్రాయు నాయకులును, వానిని చదివి ప్రశ్నింపవలసిన మనమును తేల్చవలసినది.